బ్యాటరీ అక్క పూచీ

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆ బస్సు డిపోలో స్టార్టింగ్ బాబాయి పని మొదలయ్యేది. మొదటి షిఫ్టు మెకానిక్ ఆయన. ఒక బస్సెక్కడం, సెల్ఫ్ కొట్టడం, ఇంజన్ అందుకోగానే దిగి పక్కదాంట్లోకి ఎక్కడం. అలా నలభై రెండు బస్సులు. ఆపడమన్నది లేదు. మొదటి బస్సు గేటు దాటేది అయిదున్నరకు, చివరిది ఆరుంబావుకు. అంతదాకా అన్నీ నిలుచున్న చోటే నిలుచుని గుడగుడలాడుతూ పొగ కక్కేవి. డ్రైవర్లు వచ్చే వేళకి ఆవరణంతా తడికట్టెలు ఎగదోసిన వంటిల్లులా ఉండేది. టికెట్ల గదిలోవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేసేవాళ్ళు. టీ గ్లాసు రెండు నిమిషాలు పక్కన పెడితే పైన నల్లటి తెట్టె కట్టేది. ఇదంతా ఎవరికీ వింతగా తోచేది కాదు. డిపో అన్నాక అంతే అనుకునేవాళ్ళు.

బ్యాటరీ అక్కకు మాత్రం ఒళ్ళు మండేది. పొగ కన్నా ఆ మోతే ఆమెకు ఎక్కువ బాధ.

ఆవరణ చివర రేకుల కప్పు కింద ఆమె గది. మూడు బల్లలు, ఒక చార్జింగు పెట్టె, చేతులు కడుక్కునే తొట్టి. ఇరవై రెండేళ్ళుగా ఆ బస్సుల బ్యాటరీలన్నీ ఆమె చేతి మీదుగానే బతుకుతున్నాయి. మూతలు విప్పి, గాజు గొట్టంతో లోపలి ద్రవం పైకి పీల్చి, అందులో తేలే కాడ ఏ గీత దగ్గర నిలిచిందో చూస్తుంది. ద్రవం చిక్కగా ఉంటే బ్యాటరీకి బలం, పలచబడితే నీరసం. గ్రావిటీ చూడటమంటారు దాన్ని. ఆమెకు ఈ విద్య కూర్చోబెట్టి నేర్పినవాళ్ళెవరూ లేరు. ముందున్న ముసలి మెకానిక్ వెళ్ళిపోతూ "మీద పడితే కాలుతుందమ్మా, జాగ్రత్త" అని ఒక్క ముక్క చెప్పి తాళం చేతిలో పెట్టాడు. మిగతాదంతా చూసి, చేసి, చేతులు కాల్చుకుని నేర్చుకుంది. యాసిడ్ చుక్కలు పడి ఆమె బట్టలన్నీ చిల్లులే. "జల్లెడ కట్టుకుని ఉద్యోగానికెళ్ళే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను" అంటుంది వాళ్ళమ్మ.

ఇంత చూసుకున్నా ఒక్క డ్రైవరూ ఇంజన్ ఆపడు. ఆపితే మళ్ళీ లేవదని భయం. గమ్యం చేరి పావుగంట ఆగినా ఆపడు, టీ తాగి వచ్చేదాకా ఆపడు. రోజూ పొద్దున్నే నలభై రెండు ఇంజన్లు గొంతులు కలిపి, నీ బ్యాటరీలను నమ్మం పో అని నలుగురిలో అరిచినట్టుండేది ఆమెకు.

డిపో మేనేజరు మంచివాడే, కాకపోతే కాగితాల మనిషి. పర్యావరణం కాపాడాలని పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు రాగానే ఆకుబొమ్మ పోస్టర్లు అచ్చువేయించి గోడలనిండా అంటించాడు. వారం తిరక్కుండానే సగం పోస్టర్లు డ్రైవర్ల భోజనం క్యారేజీల కిందికి చేరాయి. తరవాత ఒకరోజు పొద్దున్నే అందరినీ నిలబెట్టి మైకులో ప్రతిజ్ఞ చేయించాడు. "అవసరం లేనప్పుడు ఇంజన్ ఆపుతామని..." అని ఆయన చదువుతుంటే వెనక నలభై రెండు ఇంజన్లూ మోగుతూనే ఉన్నాయి. ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు. ఆయన పెదవులు ఆగినప్పుడల్లా వీళ్ళు పెదవులు ఆడించారు. చివర్లో చప్పట్లు కొట్టారు. మేనేజరు పొంగిపోయాడు.

పొగ తగ్గలేదు. అప్పుడాయన ఇంకో కాగితం పంచాడు. ఇంజన్ ఎందుకు ఆపడం లేదో ఎవరికి వాళ్ళు కారణం రాసివ్వాలి. ఆ జవాబుల కట్ట పట్టుకుని ఒక మధ్యాహ్నం స్వయంగా బ్యాటరీ గదికి వచ్చాడు.

"అమ్మా, మీరు కూర్చోండి ముందు."

"నిలబడే వింటాను సార్. ఏమైంది?"

ఆయన కట్ట విప్పాడు. నలభై రెండు కాగితాలు, నలభై రెండింట్లోనూ ఒకటే వాక్యం: బ్యాటరీ మీద నమ్మకం లేదు. అక్షరం కూడా పొల్లుపోకుండా ఒకరిది చూసి ఒకరు దింపారు. అన్నిటికన్నా పైనున్న కాగితంలో దస్తూరీ ఆమెకు కొట్టినపిండి. ఒత్తులు కిందికి సాగదీసి రాసే ఆ రాత వాళ్ళ మేనమామది. డిపోలో అందరికన్నా సీనియరు, పెద్ద డ్రైవరు.

"పెద్దాఫీసుకి వీటి నకళ్ళు పంపాను. ఈ గది మూసేసి బ్యాటరీల పని బయట కంపెనీకి ఇస్తారట" అన్నాడు మేనేజరు, బల్ల మీది గొట్టం వంక చూస్తూ. "నెలాఖరున ఆఫీసరుగారు వచ్చి పొద్దుటి షిఫ్టు చూస్తారు. అప్పటికి ఇంజన్లు ఆగితే సరే. లేకపోతే మిమ్మల్ని టికెట్ల గదికి మారుస్తారు. జీతం ఏమీ తగ్గదు."

"జీతం సంగతి కాదు సార్" అంది ఆమె. "నెలాఖరుకి ఎన్ని రోజులుంది?" అని అడిగింది.

"ఇరవై మూడు."

ఆ సాయంత్రం మేనమామ ఎప్పటిలాగే వాళ్ళింటికి వచ్చాడు. ఉండేది అదే వీధిలో. డ్యూటీ దిగాక తన సొంత అక్క దగ్గర అరగంట కూర్చుని కాళ్ళు చాపుకుంటేగానీ ఆయనకు రోజు పూర్తికాదు. మేనకోడలు మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందు ఠక్కున పెట్టింది.

"ఏమే, గ్లాసు పగలగొడతావా?"

"మామయ్యా, ఆ కాగితం మొదట రాసింది నువ్వేగా?"

"నేనే. అబద్ధం రాశానా?"

"నన్ను ఆ డిపోలో చేర్పించిందే నువ్వు. ఇప్పుడు బయటికి తోస్తున్నదీ నువ్వే."

ఆమె తల్లి గుమ్మంలోంచి అందుకుంది. "ఒరేయ్ తమ్ముడూ, దాని గది మూయిస్తావట్రా? ఇకనుంచి నీ కాళ్ళు నీ ఇంట్లోనే చాపుకో."

"అక్కా, నువ్వుండు. నా కడుపులో ఉన్నది దానికి తెలియదు" అన్నాడాయన. గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "పధ్నాలుగేళ్ళ కిందట వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోతే బుద్ధిగా ఇంజన్ ఆపాను. దారి దొరికింది, సెల్ఫ్ కొట్టాను. టిక్కుమంది, అంతే. జనం దిగి తోశారు. వెనకున్న బళ్ళవాళ్ళు ఈలలు వేశారు. రెండేళ్ళు నన్ను డిపోలో ఏమని పిలిచారో గుర్తుందా నీకు?"

ఆమెకు గుర్తుంది. తోపుడుబండి. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఒక్క గీత పడకుండా బస్సు నడిపిన మనిషిని చిన్నాపెద్దా అందరూ తోపుడుబండి అన్నారు.

"ఆ రోజు నుంచి తాళంచెవి తిప్పి ఆపాలంటే నా చెయ్యి రాదమ్మడూ. నీ మీద కోపం కాదు." అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాటలు ఆమెకు కోపం తెప్పించలేదు. కొత్త అనుమానం తెప్పించాయి. తను బ్యాటరీలు చూసేది పగలు, బళ్ళు తిరిగి తిరిగి వచ్చాక. బాగా నడిచిన బండి బ్యాటరీ మామూలుగా బలంగానే కనిపిస్తుంది. మరి తెల్లవారుజామున, బాబాయి సెల్ఫ్ కొట్టకముందు అవి ఎలా ఉంటున్నాయి? ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా చూసిందా? లేదు. తన డ్యూటీ అయిదుకి కదా మరి, వచ్చేసరికే అన్నీ మోగుతుంటాయి.

మర్నాడు బాబాయి కన్నా ముందే వచ్చి గాజు గొట్టంతో మొదటి బస్సు దగ్గర నిలబడింది. ఆమెను చూడగానే బాబాయికి ముఖం పాలిపోయింది.

"నువ్వెందుకమ్మా ఈ వేళప్పుడు? నేను చూసుకుంటాగా."

"నువ్వు కాసేపు ఆగు బాబాయ్. అన్నీ చూశాకే స్టార్టింగు."

ముప్పై మూడు బస్సులు పిడుగుల్లా ఉన్నాయి. కాడ గీత దాటి నిలబడింది. వాటిని రోజంతా ఆపి ఉంచినా ఒక్క తిప్పుకే లేస్తాయి. మిగిలిన తొమ్మిదింటి బ్యాటరీలు మాత్రం జ్వరం పడి లేచినవాళ్ళలా వేలాడిపోయాయి. ఆ తొమ్మిదీ ఒకే చోట ఉన్నాయి, ఆవరణకి పడమట గోడ వెంబడి. మామయ్య బండి కూడా ఆ వరసలోదే.

"బాబాయ్, నిజం చెప్పు. ఇవి ఎలా లేపుతున్నావు?"

బాబాయి తల గోక్కున్నాడు. తన షెడ్డులోంచి చక్రాల బల్ల మీద ఒక పెద్ద బ్యాటరీ తోసుకొచ్చి చూపించాడు. "దీంట్లోంచి కరెంటు అందించి లేపుతానమ్మా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఎవరికీ చెప్పలేదు. ఏది లేచింది ఏది లేవలేదు తెలియకూడదనే అన్నీ ముందే స్టార్ట్ చేసి వదిలేసేది. నీ పరువు కోసమే."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన పరువు కాపాడటానికి ఒక మనిషి పన్నెండేళ్ళుగా నలభై రెండు బస్సుల పొగ పెడుతున్నాడు!

"అయితే ఈ తొమ్మిదే ఎందుకు పడుకుంటున్నాయి?"

దానికి జవాబు గోడ వరస చివరి బస్సులోంచి బకెట్టుతో దిగింది. బస్సులు కడిగే జట్టుకు పెద్ద ఆమె, అందరికీ పిన్ని. ఆమె వెనక ఆ తొమ్మిది బస్సుల్లోనూ లోపలి దీపాలు పెళ్ళివారిల్లులా వెలుగుతున్నాయి.

"పిన్నీ, కడిగేశాక దీపాలు ఆపరా?"

"ఆపితే మాకు కనపడొద్దుటే? ఈ గోడ పక్క స్తంభం దీపం పోయి పదిహేనేళ్ళు దాటింది! ఆ మూల జారిపడి మా వాళ్ళలో ఒకామె మోకాలు విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి ఈ వరస బళ్ళ దీపాలు మొదట్నుంచి చివరిదాకా వేసే ఉంచుతాం. ఆ వెలుగులో నేల కనిపిస్తుంది. అడిగితే వద్దంటారని ఎవరినీ అడగలేదు." కొంచెం తగ్గి అడిగింది: "తప్పా?"

"నీది తప్పేంటి పిన్నీ! చీకట్లో ఎలా నడుస్తారు?"

దోషి ఎవరని వెతికితే ఆమెకు ఒక్కరూ దొరకలేదు. పిన్ని తన మనుషుల కాళ్ళు కాపాడుకుంది. బాబాయి ఆమె పరువు కాపాడాడు. మామయ్య తన పేరు కాపాడుకున్నాడు. అందరూ కలిసి పొగ పెట్టారు. ఒకరి సంగతి ఒకరు అడగకపోవడమే ఈ కథంతా. అందులో తన వాటా కూడా ఉంది. గోడ వరస బ్యాటరీలు అప్పుడప్పుడూ నీరసంగా కనిపిస్తే నీళ్ళు పోసి, చార్జింగులో పెట్టి, బాగుచేశాననుకుందే తప్ప, ఎందుకు నీరసపడ్డాయని ఒక్కనాడూ ఆరా తీయలేదు.

ఆ ఉదయమే మేనేజరు బల్ల ముందు నిలబడింది.

"సార్, గోడ పక్క స్తంభానికి దీపం కావాలి."

"ఇంజన్ల సంగతి మాట్లాడదామమ్మా. దీపం తరవాత."

"ఇంజన్ల సంగతే మాట్లాడుతున్నా. దీపం లేకపోతే ఇంజన్లు ఆగవు."

ఆయన కాగితం కోసం సొరుగు లాగాడు. "దీనికి ఒక దరఖాస్తు..."

"రాసుకోండి సార్. ఈలోగా నేను ఎలక్ట్రీషియన్‌ని పిలుచుకొస్తా."

మూడోనాటికి రెండు దీపాలు వెలిగాయి. పిన్ని జట్టు బస్సు లోపల కడిగినంతసేపే ఆ బస్సు దీపాలు వేసుకున్నారు, దిగగానే ఆపారు. తొమ్మిది బ్యాటరీలనూ ఆమె వంతులవారీగా తన గదికి తెచ్చుకుని పోషించింది. ఒకదాంట్లో సెల్ చచ్చిపోయి ఉంటే అది మార్చేసింది. పదో రోజుకి గోడ వరస కూడా గీత దాటి నిలబడింది.

ఇక డ్రైవర్లు. వాళ్ళను ఆపండి అని ఆమె ఒక్కరినీ అడగలేదు. బాబాయిని అడిగింది, స్టార్ట్ చేయొద్దని.

"చేయకపోతే నన్ను కొడతారమ్మా!"

"నా పేరు చెప్పు."

ప్రతి బస్సు బ్యాటరీ పెట్టె తలుపు మీదా ఆ పొద్దుటి గ్రావిటీ అంకె సుద్దముక్కతో రాసి, దాని కింద 'చూశాను, పూచీ నాది' అని రాసింది. ఆ రోజు వచ్చిన డ్రైవర్లకు డిపో కొత్తగా కనిపించింది. ఒక్క బండీ మోగడం లేదు. గేటు దగ్గరే నిలబడిపోయి ఏం జరిగిందోనని బిక్కమొహాలు వేశారు.

"ఎవరి బండి వాళ్ళే లేపుకోండి" అంది అక్క. "లేవకపోతే ఇవాళంతా మీ బస్సులో నేనే కండక్టర్ని. టికెట్లు కొడుతూ, ఈ బండి బ్యాటరీ పాడుచేసింది నేనేనని ఎక్కినవాళ్ళందరికీ చెబుతా."

"ఎయిర్ ఎక్కొద్దా? బ్రేకులకి గాలి నిండాలంటే గంట పట్టదూ?" అన్నారెవరో వెనకనుంచి.

"నాలుగు నిమిషాలు. గడియారం పెట్టి చూశాను. మీ బండికి అంతకన్నా ఎక్కువ పడితే ఎక్కడో గాలి కారుతోందన్నమాట. వెంటనే బాబాయికి చెప్పండి, గంటసేపు పొగ పెట్టి దాచకండి."

అందరికన్నా ముందు డ్రైవరమ్మ కదిలింది. చేరి ఏడాదైనా కాని అమ్మాయి, తోపుడుబండి రోజుల సంగతి ఆమెకు తెలియదు. ఎక్కి తాళంచెవి తిప్పింది. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. "అబ్బో!" అంది ఆ అమ్మాయి కిటికీలోంచి, తనే కనిపెట్టినట్టు. తన వేళకి ఇంకా చాలా టైముందని చూసుకుని ఆపేసింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ లేచింది. చూస్తున్న మగవాళ్ళకి ఇక ఆగుతుందా? ఎవరి బండి వాళ్ళెక్కారు.

ఆ పొద్దున్న ఒక విచిత్రం జరిగింది. మోత లేకపోయినా అందరూ పాత అలవాటు కొద్దీ అరుచుకుంటూనే మాట్లాడారు. "మా ఆవిడ పుట్టింటికెళ్ళింది, రెండు రోజులుగా నేనే వండుతున్నా" అని ఒక డ్రైవరు తన కండక్టరు చెవిలో చెప్పుకున్న సంగతి గేటు బయటిదాకా వినపడింది. "ఉప్పు తగ్గించి వేసుకో" అని టికెట్ల గదిలోంచి జవాబొచ్చింది. డిపో అంతా పగలబడి నవ్వింది. ఆ డిపోలో మనుషులు మామూలు గొంతుతో మాట్లాడుకోవడం నేర్చుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

వారం తిరిగేసరికి అది పందెంగా మారింది. నాది అరతిప్పుకే లేచిందంటే నాది తాకితేనే లేచిందని కోతలు. సుద్ద అంకె తక్కువున్నవాళ్ళు అక్క గది ముందు నిలబడి మా బండిని కాస్త చూడమని బతిమాలడం. గమ్యం చేరాక కూడా ఆపుతున్నారని కండక్టర్లు చెప్పారు. టికెట్ల గదిలో ముక్కుగుడ్డలు విప్పేశారు. నలభై ఒక్క బస్సులు ఆగాయి.

ఆగనిది ఒక్కటే. పెద్ద డ్రైవరు అందరికన్నా ముందొచ్చి, తన బండి తానే స్టార్ట్ చేసి, పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇదివరకు నలభై రెండింట్లో కలిసిపోయిన ఆ మోత ఇప్పుడు ఒంటరిగా డిపో అంతా వినపడేది.

"మామయ్యా, మీ బండికి నిద్ర పట్టట్లేదా?" అని డ్రైవరమ్మ దెప్పింది.

"నీ పని నువ్వు చూసుకో పిల్లా."

నెలాఖరు రానే వచ్చింది. ఆఫీసరు అయిదుంబావుకు వస్తాడు. అయిదయింది. గోడ వరసలో ఆ ఒక్క బస్సూ మోగుతోంది. మేనేజరు గేటుకీ బస్సుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఒక్క బండి మోగినా ఆఫీసరు రాసుకునేది అదే. డిపోలో అందరికన్నా అనుభవమున్నవాడే బ్యాటరీని నమ్మలేదని.

బ్యాటరీ అక్క చేతులు తుడుచుకుంటూ ఆ బస్సు దగ్గరికి నడిచింది. "మామయ్యా!"

"ఆ?" ఇంజన్ మోతలో ఆయనకు వినపడలేదు.

"వంతెన మీద నీ బండి ఆగిపోయిన రోజు," అని గొంతు పెంచింది ఆమె, "తప్పు నీది కాదు!"

"ఏంటీ?"

ఇక ఆమె ఊపిరంతా కూడదీసుకుని అరిచింది. "తప్పు నాది! గోడ వరస బ్యాటరీలు ఎందుకు నీరసపడుతున్నాయో ఆ రోజే కనుక్కోవాల్సింది! కనుక్కోలేదు! నిన్ను తోపుడుబండి అంటుంటే నేను నోరు మూసుకుని ఊరుకున్నాను!"

మిగతా నలభై ఒక్క బస్సులూ ఆగే ఉన్నాయి కదా, ఆ మాట ఆవరణలో ఉన్న ప్రతి మనిషికీ అందింది. డ్రైవర్లు, కండక్టర్లు, పిన్ని జట్టు, టికెట్ల గదివాళ్ళు అందరూ తలలు తిప్పారు. పెద్ద డ్రైవరు ఆమె వంక చూశాడు, వాళ్ళ వంక చూశాడు. పధ్నాలుగేళ్ళు ఆయన ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమేనని ఆయనకే అప్పుడు తెలిసినట్టుంది. మెల్లగా బస్సెక్కాడు. తాళంచెవి మీద చెయ్యి వేశాడు. ఒక్క క్షణం అలాగే ఉండి, తిప్పాడు.

ఇంజన్ ఆగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొడితే ఆయన మళ్ళీ స్టార్ట్ చేస్తాడేమోనని భయం.

పది నిమిషాలకు ఆఫీసరు కారు దిగాడు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది డిపో. బస్సులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి, వాటి పక్కన డ్రైవర్లు చేతులు కట్టుకుని ఉన్నారు. ఆయన నుదురు చిట్లించి మేనేజరును పక్కకి లాగాడు.

"సమ్మె అని ముందే చెప్పొద్దా? నన్నెందుకు రమ్మన్నారు?"

"సమ్మె కాదు సార్!"

"మరి ఒక్క బస్సూ కదలట్లేదేం? అయిదున్నరకి మొదటి సర్వీసు కదా!"

"ఇంకా పావుగంట ఉంది సార్" అన్నాడు మేనేజరు, జీవితంలో మొదటిసారి కాగితం చూడకుండా. "మా డ్రైవర్లు నాలుగు నిమిషాల ముందే లేపుతారు."

మొదటి సర్వీసు పెద్ద డ్రైవరుది. అయిదు ఇరవై ఆరుకు ఆయన తాళంచెవి తిప్పాడు. పిన్ని కళ్ళు మూసుకుంది. బాబాయి చెయ్యి తనకు తెలియకుండానే చక్రాల బల్ల మీదికి పోయింది. బ్యాటరీ అక్క మాత్రం కదల్లేదు. ఆ పొద్దున్నే గీత చూసింది కదా.

ఒక్క తిప్పు. ఇంజన్ గొంతు సవరించుకుని లేచింది.

ఆ వెనక రెండోది, మూడోది, ఒక్కొక్కటీ తన వేళకి లేచి, గాలి నింపుకుని, గేటు దాటింది. ఆఫీసరు గడియారం, బస్సులు, ఆకాశం మార్చి మార్చి చూశాడు. ఆకాశం కనిపిస్తోంది మరి. "ఏ మిషను బిగించారు వీటికి?" అని అడిగాడు. మేనేజరు రేకుల కప్పు వైపు చెయ్యి చూపించి, "ఆవిడ" అన్నాడు. ఆఫీసరు ఆ గదిలోకి వెళ్ళి గాజు గొట్టం ఎలా చూడాలో పావుగంట నేర్చుకున్నాడు. చొక్కా అంచుకి ఒక యాసిడ్ చిల్లు కూడా పడింది. గది ఇక్కడే ఉంటుందని, మిగతా డిపోలవాళ్ళను ఇక్కడికే నేర్చుకోవడానికి పంపుతానని అక్కడే నిలబడి చెప్పాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగిన పెద్ద డ్రైవరు, డ్రైవరమ్మ పోట్లాడుకుంటూ బ్యాటరీ గదికి వచ్చారు.

"వంతెన మీద ఇవాళ రెండుసార్లు ఆపాను, రెండుసార్లూ పావు తిప్పుకే లేచింది. పావు తిప్పుకి!" అంటున్నాడాయన. "చెప్పవే అమ్మడూ ఈ పిల్లకి, డిపోలో అందరికన్నా మంచి బ్యాటరీ ఎవరిదో."

"నాది అసలు తిప్పకముందే లేస్తుంది, చెప్పక్కా!" అంది డ్రైవరమ్మ.

అక్క గొట్టం కడుగుతూ తలెత్తకుండానే నవ్వింది.

"ఇద్దరివీ కాదు. రెండూ నావే."